ప్రొఫెసరుగారి ఉపవాసం

తిరువళ్ళూరు కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు చెంగల్వరాయుడికి దేవుడంటే నమ్మకం లేదు. తిరుత్తణి కొండకు మొక్కుబడి కావళ్ళు మోసేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది. దేన్నైనా స్పష్టంగా చూడాలంటూ మాటిమాటికీ కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. కడంబత్తూరు దగ్గర రంగుల ఫ్యాక్టరీ పక్కన ఉన్న బావినీళ్ళు తాగడానికి భేషుగ్గా ఉన్నాయని, మంత్రిగారు కోరినట్టే సంతకం చేసిచ్చింది ఆయనే. ఆ మాట ఊళ్ళో చెప్పడానికి పోయిన రోజు, కూలిపని చేసే అలమేలు ఆ బావినీళ్ళే చెంబుతో తెచ్చింది.

"తాగండి సార్, ఎండన బడి వచ్చినారు."

రోడ్డు మీద తిరుత్తణి కావళ్ళు పోతున్నాయి. ప్రొఫెసరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఈపొద్దు ఆడికృత్తిక పండగ గదమ్మా, ఉపవాసం. పచ్చి మంచినీళ్ళు గూడా ముట్టను."

అలమేలు భక్తిగా దండం పెట్టి, ఉపవాసం విడిచినాక తాగమని ఆ నీళ్ళు సీసాలో పోసిచ్చింది.

సాయంత్రం మణవాళనగర్ ఇంట్లో భార్య విద్యాలక్ష్మి ఆ సీసాను పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో వంచబోయింది.

"పొయ్యొద్దే! చెట్టు చచ్చిపోతాది!" ప్రొఫెసరు పరుగున వచ్చాడు.

"చెట్టు చచ్చే నీళ్ళా? యాడివండీ ఇవి?"

ప్రొఫెసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.