తేటనీళ్లు వచ్చిన ఏడు

నాకు చిన్నప్పటి నుంచీ కాలు నిలవదు. అన్నం ముందు కూర్చుంటే నాలుగు ముద్దలకోసారి లేస్తాను. ఎవరైనా పేరంటానికి పిలిస్తే తాంబూలం ఇచ్చేదాకా ఆగలేక గడప దగ్గరే తచ్చాడతాను. పదిహేడేళ్లకు బడి చదువు అయిపోయి ఇంట్లో కూర్చోబెట్టిన ఆ వేసవిలో ఈ రోగం మరీ ముదిరింది. ఏ పని చెప్పినా సగం చేసి బయటికి నడిచేదాన్ని. "దీని అరికాళ్లు నేలకి ఆనవే" అని మా నాయనమ్మ వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేది. నాకు ఒళ్లు మండేది గాని, అబద్ధమని అనలేకపోయేదాన్ని.

దాచేపల్లి దాటి ఇంకా ఉత్తరానికి పోతే నాపరాళ్ల నేల ఒక్కసారిగా కృష్ణలోకి దిగుతుంది. మా ఊరు ఆ అంచు మీదే ఉండేది. ఊరికి ఎదురుగా, ఏటి నడుమ ఒక లంక. ఒడ్డు నుంచి చూస్తే బండలూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ కనబడవు గాని, దాని మధ్యలో పెద్ద పల్లం ఉంది. ఏరు పొంగినప్పుడల్లా ఆ పల్లాన్ని నింపిపోయేది. ఆ నీళ్లు ఎండాకాలంలో కూడా పూర్తిగా ఇంకేవి కావు. మనిషెత్తు జమ్ము, తుంగ, మోకాలి దాకా దిగబడే బురద, లెక్కకు రానన్ని పిట్టలు. దాన్ని జమ్ముమడుగు అనేవాళ్లు. ఆడపిల్లలు అక్కడికి పోకూడదని ఎవరూ అనలేదు. మమ్మల్ని తీసుకుపోయేవాళ్లు లేరు, అంతే. ఒడ్డున నిలబడి ఆ లంక వంక చూస్తూ ఎన్ని సాయంత్రాలు గడిపానో.

ఆ మడుగుతో ఊరికి ఒక ఏర్పాటు ఉండేది. ఎండలు ముదిరి ఊళ్లో పచ్చిపరక దొరకని రోజుల్లో వట్టిపోయిన గేదెల్నీ చూడి గేదెల్నీ ఏరు ఈదించి లంకలో వదిలేవాళ్లు. కాపలా ఉండదు. లోపల గడ్డి, చుట్టూ నీళ్లు, ఇంకెక్కడికి పోతాయి? ఎగువన వానలు పడి ఏట్లో ఎర్రనీళ్లు కనబడగానే పోయి తోలుకొచ్చేవాళ్లు. ముందు నీళ్ల రంగు మారుతుంది, రెండు మూడు రోజులకు గాని ఏరు పొంగదు. ఆ వ్యవధి సరిపోయేది. రంగు చూసి చెప్పడం మా నాయనమ్మ పని. పొద్దున్నే రేవులో దిగి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని, కాసేపు చూసి పారబోసేది. "ఇంకా తేటే" అంటే ఊళ్లో ఎవరూ గేదెల మాట ఎత్తేవాళ్లు కాదు.

అందుకు బదులుగా ఏటికి కూడా ఒక బాకీ ఉండేది. మా ఇంట్లో గేదె ఈనితే దూడ తాగినాక పితికిన మొదటి చెంబు పాలు ఏట్లో పోయాల్సిందే. మేపినందుకు, వేళకు కబురు పంపినందుకు. నాయనమ్మే స్వయంగా పోసొచ్చేది. మాకు దక్కేది రెండో పూట పాల జున్ను. మొదటి పాల జున్ను ఎట్లా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ ఏడు లంకకు పోయిన వాటిలో మా అమ్మ గేదె కూడా ఉంది. నుదుటి మీద తెల్లమచ్చ ఉండబట్టి చుక్కగేదె అనేవాళ్లం. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు రొంపిచెర్ల దగ్గరి పుట్టింటి నుంచి తోలుకొచ్చిన పెయ్యకు పుట్టింది. ఇంట్లో అట్లకాడ మొదలు ఎడ్లబండి దాకా అన్నీ అత్తగారివే. అమ్మ నాది అనగలిగింది ఆ గేదె ఒక్కటే. దాని ముందటి ఈతలో దూడ చచ్చిపోయింది, పాలు చేపక ఏడాదంతా వట్టిదే అయింది. ఈసారి కూడా దూడ దక్కకపోతే నరసరావుపేట సంతకు తోలెయ్యడమేనని నాయనమ్మ తేల్చి చెప్పింది. అమ్మ ఎదురు చెప్పలేదు. నాన్న రాళ్ల లారీ మీద తిరుగుతూ ఎప్పుడో గాని ఇంటికి వచ్చేవాడు కాదు, ఆయనకు చెప్పుకునే వీలూ లేదు.

ఒకరోజు ఊళ్లో దండోరా వేశారు. పైన కడుతున్న ఆనకట్ట దగ్గర ఆపిన నీళ్లు కింది నారుమళ్ల కోసం వదులుతున్నారనీ, ఎవరూ ఏట్లోకి దిగవద్దనీ. నాయనమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతూ నవ్వింది.

"ఎర్రనీళ్లు రాకండా ఏరొస్తదంటయ్యా! నా పుట్టుక నించీ సూడలా. రేపు సూరీడు కూడా దండోరా ఏస్తే పొడుస్తాడంటారు."

అరుగు దగ్గర చేరినవాళ్లంతా నవ్వారు. నేను కూడా నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"అత్తా, నా గేదె ఇయ్యాలో రేపో ఈనేటట్టుంది. దండోరా సంగతి నాకు తెల్వదు. తోలుకొస్తే మంచిదేమో."

"ఇంట్లో దానికేం పెడతావే? ఎండుగడ్డా? అక్కడ సుబ్బరంగా మేస్తంటే నీకేం వచ్చింది? నీళ్లు సూశా పొద్దున. అద్దంలాగుండయ్."

ఆ పూటంతా అమ్మ ఇంట్లోకీ బయటికీ తిరిగింది. నిలకడ లేదని నన్ను తిట్టే మనిషి ఒకే బిందె మూడుసార్లు తోమింది. నాకు భయం వేసింది. తెల్లవారగానే నాయనమ్మ చేలోకి పోవడం చూసి, అమ్మ మా బాబాయి దగ్గరికి పోయింది. బాబాయికి చేపల కోసం ఒక పుట్టి ఉండేది, వెదురుతో బుట్టలా అల్లి తారు పూసినది. అమ్మ ఏం అడిగిందో గాని ఆయన తల గోక్కుంటూ తెడ్డు తీసుకున్నాడు. నేను వస్తానని ఎవర్నీ అడగలేదు, పోయి పుట్టిలో కూర్చున్నాను. దిగమంటే దిగేదాన్ని కాదని వాళ్లకు తెలుసు.

లంక దగ్గర పుట్టిని లాగి ఒక చదును బండకు కట్టి లోపలికి నడిచాం. తుమ్మచెట్లు దాటగానే మడుగు కనబడింది. ఇన్నాళ్లూ నేను ఊహించుకున్నది నిశ్శబ్దంగా ఉండే చోటు. అక్కడ ఒక్కటీ కుదురుగా లేదు. జమ్ము గాలి లేకుండానే కదులుతోంది. దాని పుల్లలకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతూ ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. బుడుంగున మునిగి ఎక్కడో తేలే బుడుబుంగలు, రెక్కలు విప్పి ఆరబెట్టుకునే నీటికాకులు, గట్టు మీద నుంచి దబదబ నీళ్లలో పడే తాబేళ్లు. రెండు నీటికుక్కలు తల ఎత్తి మమ్మల్ని చూసి, మళ్లీ కనబడకుండా పోయాయి. నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నాలాంటి వాళ్లు ఇంతమంది ఒకేచోట ఉంటారని అప్పటిదాకా తెలియదు.

అమ్మ ఇవేవీ చూడలేదు. పిలుస్తూనే ఉంది. మిగతా గేదెలు గట్టు మీదే ఉన్నాయి, చుక్కగేదె లేదు. పిలిస్తే అరుస్తూ వచ్చే గొడ్డు పలకడం లేదు. అమ్మ ఇంకా గట్టిగా పిలిచింది.

నేను గడ్డి తొక్కుకుంటూ ముందుకు పోతుంటే ఒక నీలి జమ్ముకోడి కనబడింది. ఎర్ర ముక్కుతో జమ్ము తెంపి గూట్లో పెడుతోంది. గూట్లో అప్పటికే గుడ్లున్నాయి. ఒక పుల్ల పెడుతుంది, మళ్లీ ఉరుకుతుంది, ఇంకోటి తెస్తుంది. నేను అంత దగ్గరగా నిలబడినా పట్టించుకోలేదు.

"బాబాయ్, దీనికేమన్నా పిచ్చా? గుడ్లు పెట్టినాక గూడు కడతందేంది?"

బాబాయి దాన్ని చూశాడు. తర్వాత నా కాళ్ల వైపు చూశాడు. నేను కూడా చూసుకున్నాను. పొడినేల మీద నిలబడ్డాననుకుంటున్నాను, చీలమండ దాకా నీళ్లు. అడుగున గడ్డిపరకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటంత తేటగా ఉన్నాయి.

"వదినా!" అని అరిచాడు బాబాయి. "ఏరొస్తంది! గూడు ములగకండా ఎత్తు చేసుకుంటందది!"

అప్పుడు పరుగెత్తాం. జమ్ము చేతులు కోసింది, బురదలో నా చెప్పు పోయింది. మడుగు నడుమ కాస్త మెరక మీద చుక్కగేదె నిలబడి ఉంది. దాని కాళ్ల మధ్య ఇంకా తడి ఆరని దూడ లేవబోయి పడుతోంది. దూడను వదిలి రాలేక పలకలేదు పాపం. బాబాయి దగ్గరికి పోతే బుస్సుమని కొమ్ములు విసిరింది. అమ్మ ఆయన్ను పక్కకు నెట్టి, నేరుగా పోయి దాని మెడ కౌగిలించుకుంది. ఏదో గొణుగుతూ మెడ కింద నిమిరింది. నేను మా అమ్మ అంత ముద్దుగా మాట్లాడటం వినలేదు, మాతో కూడా. గేదె తల దించింది. బాబాయి దూడను ఎత్తి మెడ మీద వేసుకున్నాడు.

మేము వచ్చేసరికి పుట్టి కట్టిన బండ లేదు. పుట్టి మాత్రం తాడు బిగుసుకుని నీళ్ల మీద కొట్టుకుంటోంది. మిగతా గేదెల్ని బాబాయి కర్రతో అదిలించి నీళ్లలోకి దించాడు. దూడను నా ఒళ్లో పెట్టారు. వెచ్చగా, బరువుగా, గుండె టకటకా కొట్టుకుంటూ. దాని కాళ్లు తన్నుకుంటుంటే పుట్టి గిరగిరా తిరిగింది. ఏరు మమ్మల్ని దిగువకు లాగుతోంది. వెనక చుక్కగేదె ముట్టె పైకెత్తి అరుస్తూ ఈదుతోంది. అమ్మ పుట్టి అంచు పట్టుకుని దాన్నే చూస్తూ, అదొక్కటే మాట: "రా తల్లీ, రా." జీవితంలో మొదటిసారి నాకు కదలకుండా కూర్చోవాలని అనిపించింది. దూడను రెండు చేతులా పట్టుకుని అట్లాగే కూర్చున్నాను.

గేదెలన్నిటితో సహా ఊరి రేవుకు చాలా దిగువన ఒడ్డుకు చేరాం. గట్టు మీద జనం. నాయనమ్మ అందర్నీ తోసుకుని వచ్చింది. అమ్మను తిడుతుందనుకున్నాను. గేదె వైపు గాని, దూడ వైపు గాని, మా వైపు గాని చూడలేదు. నీళ్ల దగ్గర వంగి దోసిట్లోకి తీసుకుంది. చూసింది. పారబోసి మళ్లీ తీసుకుంది. అప్పటికి లంక బండలు ఒక్కటీ కనబడటం లేదు. నేను జమ్ముకోడి గురించి ఆలోచిస్తున్నాను. ఎన్ని పుల్లలు పెట్టినా అంత ఎత్తు ఎట్లా కడుతుంది? ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆ సాయంత్రం దూడ కడుపు నిండాక అమ్మ చెంబెడు పాలు పితికి, ఎప్పటిలాగే నాయనమ్మ చేతికి ఇచ్చింది. ఆమె రేవుకు పోయింది, నేను వెనకే పోయాను. మెట్టు మీద నిలబడి చెంబు వంచబోయి ఆగింది. ఊరికే నిలబడటం చేతగాని నేను కూడా కదల్లేదు.

"నాకు సెప్పకండా వచ్చిందే" అంది చివరికి, నా వైపు తిరక్కుండానే. "ఇన్నేళ్లు పోశాను."

పాలు పొయ్యకుండానే ఇంటికి తెచ్చి, చెంబు అమ్మ ముందు పెట్టింది.

"నీ గేదె పాలే. నీ పిల్లలకి పెట్టుకో."

అమ్మ బెల్లం వేసి జున్ను వండింది. మొదటి పాల జున్ను. గట్టిగా, పసుపుపచ్చగా, అంత రుచి నేను ఎన్నడూ ఎరగను. గిన్నె గీకి తిన్నాను. నాయనమ్మకు ఒక ముక్క ఆకులో పెట్టి ఇస్తే వద్దని తల ఊపి, గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున ఆమె రేవుకు పోలేదు.