నాలుగు డాలర్ల గ్రేవీ

టర్కీ గ్రేవీ సీసాకి నాలుగు డాలర్లు తగలెయ్యకూడదన్న నిర్ణయం పూర్తిగా నాదే. అందులో ఎవరికీ వాటా లేదు. ఇస్తానన్నా ఎవరూ తీసుకోలేదు. ఆ ఒక్క నిర్ణయం ఒకే పూటలో ఎంత విధ్వంసం చేసిందో చెబుతాను, స్థిమితంగా కూర్చోండి.

అప్పటికి మేం మిషిగన్‌లోని నోవైకి వచ్చి రెండో చలికాలం. మా ఆవిడ సౌజన్య కొత్త ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. థాంక్స్‌గివింగ్ వారంలో శనివారం మధ్యాహ్నం వాళ్ళ మేనేజర్ కరోల్ తన ఇంట్లో టీమ్ అందరికీ భోజనం పెట్టుకుంది. ఎవరేం తెస్తారో షీట్‌లో రాయాలి. సౌజన్య తెలివిగా సీసాలో దొరికేదే రాసింది: గ్రేవీ. అదేం చిన్న బాధ్యత కాదు. కాల్చిన టర్కీ మాంసం ఎండుకొబ్బరికి దూరపు చుట్టం. పైన గ్రేవీ పడకపోతే గొంతు దిగదు. పద్నాలుగు మంది గొంతులు మా ఆవిడ చేతిలో ఉన్నాయన్నమాట.

"వచ్చేటప్పుడు ఒక పెద్ద సీసా పట్టుకురండి," అంది.

"బొమికలు మరిగించిన నీళ్ళకి నాలుగు డాలర్లా?" అన్నాను. చీరాలలో మా నాన్నది బట్టల కొట్టు, పక్కన మేనమామది పచారీ, ఎదురుగా పెదనాన్నది స్టీలు సామాను. నేను అక్షరాల కంటే ముందు బేరం దిద్దాను. "ఆ బొమికల రసం, అదే స్టాక్, నేనే కాస్తాను, గ్రేవీ నేనే చేస్తాను. మీ కరోల్ నీకు ప్రమోషన్ ఇచ్చేస్తుంది, చూడు."

"ప్రమోషన్ వద్దు గానీ, ఉన్న జాబ్ ఉంచండి చాలు."

శుక్రవారం మాంసం కౌంటర్ ముందు నిలబడ్డాను. టర్కీ రెక్కల ప్యాకెట్ చూపించి ఎంతకిస్తావన్నాను.

"ధర స్టిక్కర్ మీద ఉంది, సార్."

"అది ఒక్కదానికి. పది తీసుకుంటే?"

"పది రెట్లు, సార్."

చీరాలలో ఈ మాట అన్నవాడి కొట్టుకి ఈగలు తప్ప ఎవరూ వెళ్ళరు. అయినా వదల్లేదు. అరగంట గడిచాక అతను లోపలికెళ్ళి, ఆ రోజుతో గడువు తీరిపోయే ప్యాకెట్లు పది తెచ్చి, అన్నీ కలిపి ఇరవై నాలుగు డాలర్లకు ఇచ్చాడు. నన్ను వదిలించుకోవడానికే ఇచ్చాడని సౌజన్య అభిప్రాయం. నాలుగు మిగల్చడానికి ఇరవై నాలుగు పెట్టానని నాకప్పుడు తట్టనే లేదు. సగం ధరకి కొట్టేశానన్న మత్తులో ఉన్నాను మరి.

శనివారం ఆరింటికే లేచి రెక్కల్ని అవెన్‌లో ఎర్రగా కాల్చాను. స్మోక్ అలారం ముందుగానే చప్పట్లు కొట్టింది. మా బిర్యానీ గిన్నెలో నీళ్ళు పోసి, ఉల్లిపాయలు, క్యారెట్లు వేసి, సెలరీ కట్ట రెండు డాలర్లని దాని బదులు కొత్తిమీర కాడలు పడేసి, నాలుగు గంటలు మరిగించాను. ఆ రంగు చూడాలి! అచ్చం ముదురు తేనె. శాకాహారి సౌజన్య ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని తొంగిచూసింది.

"బానే వచ్చిందండీ. ఆగండి, వడకట్టేటప్పుడు కింద పెట్టడానికి గిన్నె తెస్తా."

"నాకా చెబుతున్నావ్? బ్యాచిలర్ రూమ్‌లో మూడేళ్ళు ఆరుగురికి గంజి వార్చిన చేతులివి!"

అదే కొంప ముంచింది. ఆ చేతులకి ఒక్కటే పని తెలుసు. సింక్‌లో చిల్లుల గిన్నె పెట్టి, నాలుగు గంటల శ్రమని అచ్చం గంజి వార్చినట్టు వార్చేశాను. చివరి చుక్క కూడా పోవాలని దులిపాను కూడా.

బొమికలు పొగలు కక్కుతూ నావంకే చూస్తున్నాయి. గిన్నె పట్టుకుని వచ్చిన సౌజన్య కూడా.

"స్టాక్ ఏదండీ?"

"వెళ్ళిపోయింది."

"ఎక్కడికి?"

సింక్ గుడగుడమని జవాబిచ్చింది.

"ఈ బొమికలే మళ్ళీ మరిగిస్తే..." అని నసిగాను.

"పదకొండున్నర అయింది! ఒంటిగంటకి అక్కడుండాలి. షీట్‌లో ఉన్నది నా పేరండీ, మీది కాదు. వాళ్ళకి నా గురించి మొదట తెలిసేది ఇదేనా?" నేను చెప్పులతోనే మంచులోకి పరిగెత్తాను.

షాపులో గ్రేవీ సీసాలుండే అర మొత్తం ఖాళీ. చివరి రెండు సీసాలు ఒక ముసలావిడ బండిలో ఉన్నాయి.

"అమ్మా, ఒకటిస్తారా? అయిదు డాలర్లిస్తాను."

"పది," అందావిడ.

"మరీ పదా? ఆరు."

"పదిహేను."

"బేరంలో తగ్గాలి గానీ పెరుగుతారేంటమ్మా!"

"నువ్వు రెండుసార్లు గడియారం చూశావు, నాన్నా," అంది చల్లగా. "ముప్ఫై ఏళ్ళుగా మా వాకిట్లో పాత సామాను పరిచి యార్డ్ సేల్ పెడుతున్నాను."

నోరు మూసుకుని పదిహేనూ ఇచ్చాను. బిల్లు కౌంటర్ దగ్గర గానీ నాకు వెలగలేదు, ఆవిడ ఆ సీసాకి ఇంకా డబ్బే కట్టలేదని. నాలుగు డాలర్లు నేనే కట్టాను.

భోజనాల దగ్గర కరోల్ మా స్టీలు గిన్నెలోని గ్రేవీ పోసుకుని, "అద్భుతం! ఇంట్లో చేశారా?" అని నన్నే అడిగింది. అబద్ధానికి సరిపడా గాలి పీల్చుకున్నాను.

"ఇంట్లో చేసింది మా సింక్ తాగేసింది. ఇది సీసాది," అంది సౌజన్య. ఆ తర్వాత కథంతా చెప్పింది, నేను గిన్నె దులిపిన తీరు అభినయించి మరీ. బల్ల చుట్టూ అందరూ పడీ పడీ నవ్వారు. సోమవారానికల్లా ఆఫీసులో సౌజన్యని ఎరగనివాళ్ళు లేరు. నన్ను మాత్రం ఇప్పటికీ "సింక్ హస్బెండ్" అంటారు.

కాబట్టి చిల్లుల గిన్నె మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: అడుగున ఇంకో గిన్నె లేకుండా ఈ జన్మలో టీ కూడా వడకట్టను.

ఇక బిల్లు. రెక్కలకి ఇరవై నాలుగు, ముసలావిడకి పదిహేను, సీసాకి నాలుగు. టర్కీ కొవ్వు గడ్డకట్టి సింక్ పైపు మూసుకుపోతే వచ్చిన ప్లంబర్‌కి నూట అరవై. వెరసి రెండు వందల మూడు డాలర్లు. ప్లంబర్ అడిగినంతా మారుమాట లేకుండా ఇచ్చేశాను. మా వంశంలో ఆ పని చేసిన మొదటివాణ్ణి నేనే.