చెరకుతోట మింగిన బోర్డు

ఆరడుగుల ఎత్తూ పన్నెండడుగుల వెడల్పూ ఉన్న వస్తువును పట్టపగలు, రోడ్డు పక్కనే పోగొట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే. దొంగ ఎత్తుకుపోలేదు, గాలివాన పట్టుకుపోలేదు. నేను పాతించిన చోటే ఉంది. అయినా పోయింది. నాకు వచ్చింది సంతకం ఒక్కటే కాబట్టి, నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. అప్పుడే ఒకసారి పెన్ను కింద పెట్టి నవ్వింది.

మాది సముద్రం ఒడ్డు. మా ఆయన సింహాచలానికి వల కంటే కుంచె మీద మోజు. పడవలకు రంగులు వేసీ వేసీ, ఒకనాడు నన్నూ పిల్లాడినీ వెంటబెట్టుకుని నర్సీపట్నం వలస వచ్చేశాడు. గోడల మీద సబ్బుల రాతలు, ఎరువుల రాతలు, రేకు బోర్డులు. ఫ్లెక్సీలు ఇంకా పుట్టలేదు. నాలుగేళ్ళు బాగానే గడిచాయి. తర్వాత జ్వరం వచ్చి ఆయన పోయాడు. నాకు రంగుడబ్బాలూ ఒక నిచ్చెనా మిగిలాయి.

మా అన్న ఎర్రయ్య వచ్చి, "సదువు లేనిదానివి, బోర్డుల యాపారం నీకేటే? ఒడ్డుకొచ్చెయ్. సేపల బుట్ట ఎత్తుకుందువుగాని" అన్నాడు.

"రాసేది పెయింటరు. నాను రాయించేదాన్ని. రాయించడానికి సదువెందుకన్నా?" అన్నాను. నోరుంటే నిచ్చెన లేకుండానే మేడ ఎక్కొచ్చని అప్పట్లో నా నమ్మకం.

ఆ నోటితోనే బట్టల కొట్టు కామేశం గారి దగ్గర పని పట్టాను. పట్టుచీర కట్టిన ఆడమనిషి బొమ్మ, పక్కన కొట్టు పేరు.

"నూకాలమ్మా, పెళ్ళిళ్ళకి ముందు ఒక్క బోర్డు పెట్టు. దసరా ముందు వచ్చి చూస్తాను. నచ్చితే ఇకమీదట నా బోర్డులన్నీ నీవే. నచ్చకపోతే విశాఖపట్నం వాళ్ళని పిలుస్తాను" అన్నారాయన.

ఆ పని దక్కితే నర్సీపట్నంలో నిలబడతాను. లేకపోతే బుట్టే.

మాకవరపాలెం రోడ్డు మలుపులో పైడినాయుడు గారి పొలం చూశాను. రోడ్డు అంచు సర్కారుదన్నారు గనుక పొలంలోకి పది అడుగులు జరిగాం. మాఘమాసం. నేలంతా బోడిగుండులా ఉంది, మధ్యమధ్య జానెడు పచ్చగడ్డి. 'గడ్డి మధ్యన పట్టుచీర, ఎంత అందం!' అనుకున్నాను. చోటు ఇచ్చినందుకు ఆయన ఎడ్ల నాటుబండికి రంగులు వేయించాను. ఆయన మీసం దువ్వుకుంటూ, "పాతుకో అమ్మా, పాతుకో" అన్నారు. నేను పాతించి, గోడరాతల పని మీద ఏజెన్సీ ఊళ్ళకు వెళ్ళిపోయాను.

దసరా ఇరవై రోజులుందనగా తిరిగొచ్చి బస్సు దిగాను. మలుపు ఉంది. బోర్డు లేదు. మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. కోటగోడలా పచ్చటి తోట. గట్టు మీద పైడినాయుడు గారు కనిపించారు.

"నాయుడుగారూ, నా బోర్డేదండీ?"

"ఎక్కడికెల్తాదమ్మా? నువ్వెట్టిన కాడే ఉంది. లోనికెల్లి సూసుకో."

ఆకులు చేతులు కోస్తుంటే దూరుకుంటూ వెళ్ళాను. అత్తతో పోట్లాడి ధాన్యం గదిలో దాక్కున్న కొత్తకోడలిలా నా పట్టుచీర ఆడమనిషి చీకట్లో నిలబడి ఉంది. (ఇక్కడ మా కోడలు నవ్వలేదు.)

"ఇది గడ్డి కాదేటండీ?"

"గడ్డా! సెరుకమ్మా!"

"ఇంతెత్తు ఎదుగుతాదని ఓ ముక్క సెప్పుంటే మీ సొమ్మేటి పోయింది బాబూ?"

"బోర్డు పాతుకుంతానన్నావు, పాతుకోమన్నాను. అది నలుగురికీ అగుపడాలని నాతో అన్నావేటి? తోటకి దిష్టి తగలకండా బొమ్మెట్టావనుకున్నాను. నీ పున్నెమా అని ఏపుగా వొచ్చింది కూడాను!"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగందే రైతయినా చెప్పడు. ఏ చేప ఏ నెలలో ఎంత ఎదుగుతుందో నన్నడగండి, చెబుతాను. చెరకు సంగతి సముద్రంలో ఎవరు చెబుతారు?

"నాలుగు సాళ్ళు కొట్టించెయ్యండి బాబూ, దండం పెడతాను."

"ఫ్యాక్టరీ కటింగు ఆర్డరు రాకండా గడ ముట్టుకునేది లేదు. ఇప్పుడు కొడితే పంచదార రాదు, నీల్లొస్తాయి."

గట్టు మీద కూలబడి కాసేపు ఏడ్చాను. ఆ తర్వాత ఏడుపు మీద నాకే విసుగొచ్చింది. తోట కిందికి దిగదు కాబట్టి బోర్డే పైకి వెళ్ళాలి. మా అన్నకు కబురుపెట్టాను. నలుగురు మనుషులు, మోకులు, పొడుగాటి సరుగుడు దుంగలతో లారీ దిగాడు.

"ఎంతెత్తు లేపాలే?"

"సెరుకు మీంచి అగుపడాల."

"ఇది ఇంకా ఎదుగుతాదేటి?"

"ఏటో, నాకేటి తెల్సు?"

"అయితే ఇంకో ఐదడుగులెయ్యండ్రా!"

భయానికి కొలత ఏముంది? ఒక్కొక్కడూ తన వంతు ఐదేసి అడుగులు వేశాడు. తెరచాప కొయ్య లేపినట్టు 'ఐలేసా' అంటూ లేపారు. పైడినాయుడు గారు నోరు తెరిచి, "తుపాను జెండా కడతన్నారేటి?" అన్నారు.

చెప్పిన రోజుకి కామేశం గారు స్కూటరు మీద వచ్చారు. తోట వైపు చూశారు, రోడ్డు వైపు చూశారు. "బోర్డేదమ్మా?"

"తలెత్తండి."

ఎత్తారు. ఇంకా ఎత్తమన్నాను. టోపీ వెనక్కి పడింది.

"ఇది చదవాలంటే మనిషి రోడ్డు మీద వెల్లకిలా పడుకోవాలి నూకాలమ్మా!"

"పది రోజులు ఆగండి బాబూ. బోర్డు సూసి ఒక్కరూ రాకపోతే నానే పీకించుకుపోతాను."

పదకొండో రోజు కొట్టుకు వెళ్ళాను. లోపల జనం కిటకిటలాడుతున్నారు.

"వచ్చారా బాబూ?"

"వచ్చారమ్మా. బోర్డు చూసే వచ్చామంటున్నారు. కానీ ఒక్కడూ బస్సులో సీటు దొరికి వచ్చినవాడు కాదు! అందరూ టాపు మీద కూర్చుని వచ్చినవాళ్ళే!"

"మరి పని నాదేనా?"

"నీదే. మిగతా బోర్డులు మాత్రం టిక్కెట్టు కొని సీట్లో కూర్చున్నవాళ్ళకి కూడా కనిపించేలా పెట్టు తల్లీ!"

అందుకని, బుట్ట ఎత్తకుండా నర్సీపట్నంలోనే నిలిచిపోయిన నేను, ఆ బోర్డు పొడుగాటి దుంగను ముట్టుకుని ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ నేలలో గుంజ పాతినా, ఆ నేలలో ఏం మొలుస్తుందో, ఎంత ఎదుగుతుందో, ఎప్పుడు కోస్తారో ముందు కనుక్కుంటాను. రైతు మీసం దువ్వుకుంటూ "పాతుకో" అన్నాడంటే, ఆ పొలం ఛాయలకు కూడా పోను.