పెద్ద పొయ్యికి తగిన బాన

మా పక్కింటి తాత పదిహేను రోజుల కిందట కన్నుమూశాడు. ధర్మవరంలో జీవితమంతా పట్టునూలుకు రంగులు వేసిన మనిషి. కబురు తెలిసేసరికి అమ్మ పొయ్యి ముందుంది. గ్యాసు కట్టేసి, ఎర్రటి తడి చేతులతోనే వాళ్లింటికి పరుగెత్తింది.

ఆ పొయ్యి గురించే చెప్పాలి. నిరుడు మేమూ ఇంట్లో రంగులు వేయడం మొదలుపెట్టాం. పని తొందరగా అవుతుందని అమ్మ పెండ్లి వంటలకు వాడే గ్యాసు పొయ్యి కొనింది. దానిమీద మా చిన్న గిన్నె. నీళ్లు చిటికెలో కుతకుతా తెర్లేవి. మంట తగ్గిస్తే ఆరిపోయేది. మళ్లీ వెలిగించాలి. మొదటి ఎరుపే మచ్చలు మచ్చలుగా వచ్చింది. ఇంకోసారి ఇట్లయితే నూలు ఇవ్వనని మగ్గాల యజమాని చెప్పేశాడు.

తాత వచ్చి పొయ్యి చుట్టూ తిరిగాడు.

“ఏమ్మా, ఊరందరికీ అన్నం పెడతాండావా?”

అమ్మ నవ్వలేదు. “తప్పు చేసినా మామా. అమ్మేస్తా దీన్ని.”

“దానిదేం తప్పు? దానికి సరిపడా పని లేదు, అంతే. ఉండు.”

అప్పటికి ఆయన పని మానేసి మూడేళ్లయింది. తన పాత రాగి బానను వీధిలో దొర్లించుకుంటూ తెచ్చాడు. బాన నిండా నీళ్లు పోశాక పొయ్యి ఆరకుండా మండింది. అన్ని నీళ్లకు మా నూలొక్కటే చాలదని, వీధిలో రంగులేసే ఇండ్లన్నీ తిరిగి ఒప్పించాడు. రోజుకొక రంగు. అందరి నూలూ మా బానలోనే.

“నీళ్లు కాగల్ల, మరగకూడదు” అంటూ బాన దగ్గర చెవి పెట్టేవాడు. కాగడానికీ మరగడానికీ నడుమ ఒక సన్నని రొద ఉంటుందని ఆయనే వినిపించాడు. అంతవరకూ ఆ రెండు మాటలూ ఒకటే అనుకునేదాన్ని. నోటుబుక్కులో పక్కపక్కన రాసుకున్నాను.

“ఏం రాస్తాండావు పాపా?”

“నువ్వు చెప్పిందే తాతా.”

“రాసుకుంటే రాదు. ఇది పట్టు” అని, నూలు తిప్పే కర్ర నా చేతికిచ్చాడు.

ఆసారి యజమాని నూలును ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకో మూట ఇచ్చాడు.

ఇప్పుడు తాత లేడు. బాన వాళ్లది. కర్మలు ముగిశాక అమ్మ దాన్ని తోమి, అడిగితే ఇచ్చేద్దామని గుమ్మం దగ్గర పెట్టింది. నిన్న పొద్దున ఆయన కోడలు రానే వచ్చింది. చేతిలో తెల్ల నూలు.

“ఈ పొద్దు ఎరుపే కదా అక్కా?”

అమ్మ బానను లోపలికి తీసుకుపోయింది. నీళ్లు పోసి, పొయ్యి వెలిగించి, వంగి చెవి పెట్టింది.

సాయంత్రానికి ఎర్రటి నూలు మా స్తంభం నుంచి తాత కిటికీ దాకా ఉన్న తాడుమీద ఆరుతోంది. కిటికీ చువ్వకున్న ముడి ఆయన వేసిందే.