కారుకి ఆయాసం వచ్చిన ఏడు

నా చిన్నప్పుడు మా తాతయ్యకి ఒక నల్ల కారు ఉండేది. ఎవరో వాడి వాడి వదిలేస్తే కొన్నాడు. మైళ్ళు చూపించే మీటరు తిరిగి తిరిగి, ఇక నా వల్ల కాదన్నట్టు ఒకచోట ఆగిపోయింది. వినుకొండకి ఆమడ దూరంలో ఉన్న మా ఊళ్ళో పురుడొచ్చినా, జ్వరమొచ్చినా ఆ కారే దిక్కు. నాకు మాత్రం అది ఊయల. మధ్యాహ్నాలు వెనక సీట్లో పడుకుంటే ఎండకి కాగిన రెక్సిన్ వాసన, కళ్ళాల మీంచి వచ్చే మిరపకాయల ఘాటు, పత్తి బళ్ళ నుంచి ఎగిరొచ్చే దూది పోగులు. ఆ దూది గాల్లో తేలుతుంటే చూస్తూ చూస్తూ నిద్రపోయేదాన్ని. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ పోగులు కిందికి దిగవు, అలా తేలుతూనే ఉంటాయి.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి కారుకి బలం తగ్గిపోయింది. ఒక్కసారిగా కాదు, రోజుకింత. చెరుకు తోట దగ్గరి మెరక ఎక్కలేక రొప్పేది, వెనక నల్లటి పొగ కక్కేది. ఎక్కినవాళ్ళే దిగి తోసేవాళ్ళు. ఒకనాడు ఎద్దుబండి ఒకటి మమ్మల్ని దాటిపోతూ, "ఏం పెద్దాయనా, పలుపు కట్టి లాగమంటావా?" అంది. బండి కాదులెండి, బండివాడు. తాతయ్య నవ్వలేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఊళ్ళో ప్రతివాడూ మెకానిక్కే కదా! ఇంజను అరిగిపోయిందని ఒకడు, దానికి వయసైపోయిందని ఇంకొకడు. చివరికి పాత ఇనుము కొనేవాడు మర్నాడు వస్తానని కబురు చేశాడు. నా ఊయలని ముక్కలు చేసి తూకమేస్తారంటే నాకు ఏడుపు ఆగలేదు. తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆఖరిసారి చూపిద్దామని వినుకొండలో కార్లు బాగుచేసే సాయిబు మావయ్య షెడ్డుకి తీసుకెళ్ళాడు.

సాయిబు మావయ్యకి తొందరన్నది తెలీదు. ముందు టీ తెప్పించాడు. తర్వాత తెల్లటి గుడ్డ తీసుకుని పొగగొట్టం లోపల తుడిచి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఇది మసి బాబాయ్, నూనె జిడ్డు కాదు. అరిగిపోయిన ఇంజనైతే నూనె తాగుద్ది" అన్నాడు. తర్వాత ముందు వైపు హ్యాండిల్ పెట్టి, కళ్ళు మూసుకుని మెల్లగా తిప్పాడు. నాలుగు సిలిండర్లూ నాలుగుసార్లు చేతికి ఎదురు తన్నాయట. నలుగురూ దిట్టంగానే ఉన్నారన్నాడు, ఇంట్లో మనుషుల గురించి చెప్పినట్టు. పెట్రోలు వస్తోందో లేదో చూశాడు. వస్తోంది. "తిండి అందుతోంది, ఒంట్లో సత్తువుంది. మరి ఊపిరి అందుతోందా?" అని తనలో తనే అనుకుంటూ, గాలి పీల్చే గొట్టం కిందికి చెయ్యి పోనిచ్చాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది.

కళ్ళంలో మిరపకాయలు ఎండబెట్టే రోజుల్లో మా ఊళ్ళో అందరూ ముక్కుకి గుడ్డ కట్టుకుంటారు. లేకపోతే తుమ్మలేక చావాలి. ఆ గొట్టమే కారుకి ముక్కు అని తాతయ్య ఒకసారి నాకు చెప్పాడు. పాపం, దీనికీ ఘాటు తగులుతుంది కదా అని, ఆయన బానెట్ ఎత్తి నీళ్ళకి వెళ్ళినప్పుడు, నా పరికిణీ కుట్టగా మిగిలిన ముక్కని దాని ముక్కుకి గట్టిగా కట్టేశాను. కట్టి, మర్చిపోయాను. మూడు నెలల కారం దుమ్మూ, దూదీ దాని మీద అట్టకట్టేశాయి. అడుగువైపు ఉండటంతో ఎవరి కంటా పడలేదు.

సాయిబు మావయ్య చేతిలోకి ఆ ముక్క వచ్చింది. గోటితో కొంచెం గీరాడు. పచ్చ మీద ఎర్ర చుక్కలు. నా వైపు చూశాడు. నా ఒంటి మీదా పచ్చ పరికిణీయే, ఎర్ర చుక్కలే. నేను తాతయ్య వెనక్కి నక్కాను. ఆయన ఆ గుడ్డని నిదానంగా మడిచి జేబులో పెట్టుకుని, తాతయ్య వైపు తిరిగి, "దుమ్ము బాబాయ్, అంతే" అన్నాడు. బయల్దేరేటప్పుడు తాతయ్య చూడకుండా దాన్ని నా గుప్పిట్లో పెట్టాడు.

తిరుగుదారిలో కారు ఆ మెరకని ఉరుకుతూ ఎక్కేసింది. తాతయ్య కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషం చూస్తుంటే నా గుప్పిట్లో గుడ్డ కాలిపోతున్నట్టనిపించింది. ఉండబట్టలేక వెక్కుతూ అంతా చెప్పేశాను. తాతయ్య కారు ఆపాడు. గుడ్డ వంకా నా వంకా చూసి, "ఓసి పిచ్చిమొద్దూ, దానికీ తుమ్ములొస్తయ్యనుకున్నావా?" అని దగ్గొచ్చేదాకా నవ్వి, నన్ను దగ్గరికి తీసుకున్నాడు. పాత ఇనుమువాడు మర్నాడు ఉత్తచేతులతో వెళ్ళిపోయాడు.

మొన్న నా చెవి మిషను వినిపించడం మానేసింది. అమ్మకి వయసైపోయింది, చెవులు పూర్తిగా పోయాయని మా అబ్బాయీ కోడలూ నా ముందే అనుకున్నారు. వినపడదని ధైర్యం! పెదాలు చూసి కనిపెట్టాను. వయసు మీదికి నెట్టే ముందు చూడాల్సినవి చాలా ఉంటాయిరా అబ్బాయ్, అనుకుని మిషను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కళ్ళద్దాలు పెట్టుకున్నాను. మాట లోపలికి వెళ్ళే సన్నటి రంధ్రం మీద ఎర్రటి బొట్టుబిళ్ళ. తలుపు వెనక నుంచి ఐదేళ్ళ మా మనవరాలు కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తోంది. నాయనమ్మ మిషనుకి సింగారం చేసింది కాబోలు. బిళ్ళ ఊడదీసి మిషను మళ్ళీ చెవికి తగిలించుకున్నాను.

"ఏమైందమ్మా?" అని అబ్బాయి అడిగాడు.

"దుమ్మురా, అంతే" అన్నాను.

బొట్టుబిళ్ళ నా కొంగు ముడిలో ఉంది. మనవరాలు ఎప్పుడొచ్చి చెబుతుందా అని చూస్తున్నాను.