మా బాబాయి కారు వెనక చక్రాలు

బాబాయి పోయాడని పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను ధౌలా కువాన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాను. "నిద్రలోనే వెళ్ళిపోయారే. కంగారుపడకు, నెమ్మదిగా రా" అంది. ఓదార్చాల్సింది నేనైతే, ఆవిడే నన్ను ఓదార్చింది. మయూర్ విహార్‌లో బాబాయి వాళ్ళ అపార్ట్‌మెంట్లకి చేరేసరికి సొసైటీ గార్డు గేటు తీస్తూ, "అంకుల్‌జీ కీ గాడీ అబ్ కౌన్ చలాయేగా?" అన్నాడు, ఇక అంకుల్ గారి కారు ఎవరు నడుపుతారని. నాకు చిర్రెత్తుకొచ్చింది. మనిషి పోతే కారు గురించా! తరవాత ఆలోచిస్తే అతని తప్పేం లేదనిపించింది. అక్కడ బాబాయంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆ కారే.

బాబాయి కేంద్ర ప్రభుత్వంలో బదిలీలు చూసే సెక్షన్‌లో పనిచేశాడు. ఒకే సీట్లో ఎవర్నీ ఎక్కువకాలం ఉంచకూడదన్నది ఆయనకి రూలు కాదు, వేదం. ఇంట్లో దిళ్ళు, దుప్పట్లు, చెప్పులు, అన్నిటికీ వంతులే. "అరిగితే అన్నీ సమానంగా అరగాలి" అనేవాడు. తాతయ్య పోయాక నానమ్మకీ ఆయనే పద్ధతి పెట్టాడు. జనక్‌పురిలో మా ఇంట్లో నాలుగు నెలలు, గుర్గావ్‌లో చిన్న బాబాయి దగ్గర నాలుగు, తన దగ్గర నాలుగు. అన్నదమ్ములు ముగ్గురికీ అది న్యాయంగానే కనిపించింది. నానమ్మని ఎవరూ అడగలేదు.

రిటైరయ్యాక ఆయన ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రటిది, రెండే సీట్లు. కూరల సంచీ పెట్టడానికి కూడా చోటుండదు. "ముసలాడికి దసరా పండగ" అని పిన్ని నెత్తి కొట్టుకుంది.

టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పిద్దామని చూస్తే కుదరలేదు. ఆ కారుకి వెనక చక్రాలు ముందువాటికంటే వెడల్పు. ఇంజను బలమంతా వెనక చక్రాలకే వెళ్తుంది కాబట్టి అవే తొందరగా అరుగుతాయి. అరిగినప్పుడు ఆ రెండే కొత్తవి వేసుకోవాలి. బాబాయికి ఇది మింగుడుపడలేదు. "ఎప్పుడూ ఆ రెండే అరగాలా? ఇదెక్కడి అన్యాయమే?" అని నాతో వాదించాడు, కారు నేనేదో తయారుచేసినట్టు. ఊరుకుంటాడా! నాలుగూ ఒకే సైజువి, ముందువాటంత సన్నవి, వెతికి తెచ్చి బిగించాడు. ఇక హాయిగా తిప్పుకోవచ్చని మురిసిపోయాడు.

వానాకాలం వచ్చింది. ఒకరోజు నోయిడా నుంచి వస్తుంటే పక్కసీట్లో నేనే ఉన్నాను. మలుపులో, వెనక ఆ సన్న టైర్లకి తడిరోడ్డు మీద పట్టు చాలక, కారు వెనక భాగం సర్రున పక్కకి జారి, సగం తిరిగి ఆగింది. దేవుడి దయ, వెనకాల బండ్లు లేవు. బాబాయి స్టీరింగు వదలకుండా, "అన్నీ సమానం చేశాను కదే, మరెందుకు జారింది?" అన్నాడు. ఆయన్ని అంత అమాయకంగా నేనెప్పుడూ చూడలేదు.

బాబాయి వాళ్ళింటికెళ్ళి తల తుడుచుకుంటూ జరిగింది చెప్పాం. ఆ వారమే నానమ్మ మా ఇంటికి మారాలి. అంతా విని, "ఇంతకీ ఆ టైర్లని తిప్పడం ఎందుకురా?" అంది.

"సమానంగా అరగడానికమ్మా."

"ఓహో. నన్నూ అందుకేనా తిప్పుతున్నారు? మీ ముగ్గురూ బాగానే ఉన్నార్రా. ఇల్లిల్లూ తిరిగి అరిగేది నేనొక్కదాన్నే."

కోపంగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అంది.

ఆదివారం మా నాన్న నానమ్మని తీసుకెళ్ళడానికి వచ్చాడు. "అన్నయ్యా, అమ్మ ఇక్కడే ఉంటుంది. మీకు ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు రండి" అన్నాడు బాబాయి. "అమ్మ నీ ఒక్కడికేనా?" అని నాన్న మొహం ముడుచుకున్నాడు. వంటింట్లోంచి పిన్ని బయటికొచ్చింది. "బాగుంది సంబడం! చాకిరీ చేసేదాన్ని, నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"ఇప్పుడు అడుగుతున్నాగా."

"ఇప్పుడా!"

పిన్ని కోపం న్యాయమే. బాబాయికీ అది తెలుసు. కారుకి పాత వెడల్పు చక్రాలు మళ్ళీ ఎక్కించాడు. నానమ్మ పనిలో తన వాటా తను ఎత్తుకున్నాడు. పొద్దున్నే ఆవిడ తల దువ్వి, పిలక జడ అల్లి, కాఫీ చల్లార్చి ఇచ్చాకే పేపరు ముట్టుకునేవాడు. "అరగనీవే, అరిగేచోటే బలం ఉంటుంది" అనేవాడు నాతో. నానమ్మ కారెక్కితే రెండో సీటు ఆవిడదే, పిన్ని మెట్రోలో వెనకాలే వచ్చేది. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అప్పుడే. ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు, చెప్తే ఎగతాళి చేసేవాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాక మా నాన్న గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, వాడే పోయాడు. ఇక అమ్మ బాధ్యత నీకెందుకు? మేం తలా కొన్నాళ్ళు..." అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

"అత్తయ్యగారు ఎక్కడికీ రారు బావగారూ" అంది పిన్ని.

నానమ్మ వినపడనట్టే కిటికీకేసి చూస్తూ కూర్చుంది. అందరికీ కాఫీ కలపడానికి పిన్ని లేవబోయి ఆగింది. తన చీర కొంగుని నానమ్మ వేలికి చుట్టుకుని ఉంది. పిన్ని దాన్ని విడిపించుకోలేదు. మళ్ళీ కూర్చుని, కాఫీ నన్ను కలపమంది.