కుంచం తన్నిన మామ్మ

మొన్న మాఘమాసంలో, గురువారం ఉదయం తొమ్మిదీ నలభైకి, చీపురుపల్లిలోని మా గడప ముందు మనవడి కొత్త పెళ్లాం నిలబడింది. ఆమె తన్నాల్సిన ఇత్తడి కుంచంలో బియ్యాన్ని అంచుకు సమంగా పోసింది నేనే. ఆ పిల్ల తన్నడానికి జంకింది.

“ఇలా సూడే!” అంటూ పక్కనున్న నేనే తన్నాను. కుంచం కదల్లేదు, నా బొటనవేలు వెనక్కి మడతపడింది.

“కొత్త కోడలు నువ్వా, నేనా మామ్మా?” అంటూ ఆ పిల్ల నన్ను పట్టుకుని లోపలికి నడిపించింది. అందరూ నవ్వారు. డెబ్భై రెండేళ్ల వయసులో వేలు విరిగి మంచాన పడతానేమోనని నా భయం.

డాక్టరు ఎక్స్‌రే తీయించి, బెణికిందంతేనని చెప్పి, పక్కవేలితో కలిపి కట్టారు.

ఇరవై రెండో రోజున కర్ర లేకుండా గడప దాకా నడిచాను. అక్కడ చిన్న చెంబులో బియ్యం!

“నానింకా తన్నలేదు మామ్మా. నువ్వు నిలబడి సూడాలని ఆగినాను.”

మెల్లగా తన్నింది. గింజలు నాలుగడుగులు దొర్లాయి; టేపుతో కొలిచాను. కొత్త కోడలి గృహప్రవేశం పూర్తవడానికి ఇరవై రెండు రోజులు పట్టడం మా ఇంట్లో ఇదే మొదలు.